వినపడకపోతే వినపడలేదనే చెప్పండి

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

గుంటూరు జిల్లాలో జి.ఎన్.ఎం. (నర్సింగ్ కోర్సు) చదివాను. పదకొండేళ్లు వార్డుల్లో పనిచేశాక అమెరికా వచ్చాను. ఇప్పుడు స్కిల్స్ ల్యాబ్‌లో మెడికల్ అసిస్టింగ్ విద్యార్థులకు చేతిపని నేర్పుతున్నాను. ఇక్కడి క్లినిక్‌కు వెళ్లినవాళ్లకు ఈ ఉద్యోగం తెలిసే ఉంటుంది. డాక్టరు గదిలోకి రాకముందు మనల్ని పేరు పెట్టి పిలిచి, బరువు, జ్వరం, నాడి, బీపీ చూసి, వాడే మందులు అడిగి రాసుకునేది మెడికల్ అసిస్టెంటే. అవసరమైతే రక్తం తీస్తారు, ఇంజక్షన్ ఇస్తారు, ఈసీజీ తీస్తారు. చాలా ఏళ్లు ఇంట్లోనే ఉండిపోయి మళ్లీ ఉద్యోగం చేయాలనుకునే మన ఆడవాళ్లు ఈ కోర్సు వైపు చూస్తున్నారు. ఈ నెల ఉత్తరాలు చాలా వరకు వాళ్లవే. ఒకటి మాత్రం హన్మకొండ నుంచి వచ్చింది. దానికి జవాబు ఆలస్యం చేయకూడదని, అందిన రోజే ఆ అమ్మాయికి విడిగా రాశాం.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 39 ఏళ్లు. హైదరాబాద్‌లో ఎం.కామ్. చేశాను. పెళ్లయి ఇక్కడికి వచ్చాక పద్నాలుగేళ్లు ఇల్లూ పిల్లలతోనే గడిచిపోయాయి. ఈ మధ్యే మెడికల్ అసిస్టింగ్‌లో చేరాను. క్లాసులో అందరికంటే పెద్దదాన్ని నేనే. రాతపరీక్షల్లో మార్కులు బాగానే వస్తున్నాయి కానీ బీపీ దగ్గర ఆగిపోయాను. స్టెతస్కోప్ పెట్టుకుంటే నాకేమీ వినపడదు. పక్కనున్న పిల్లలు ‘ఇదిగో మొదలైంది, ఇదిగో ఆగిపోయింది’ అంటుంటే బిక్కమొహం వేసుకుని నిలబడతాను. మొన్న చెక్-ఆఫ్ (చేతిపని పరీక్ష) రోజు టెన్షన్‌లో, డయల్ మీద ముల్లు ఊగడం చూసి ‘118 బై 76’ అని చెప్పేశాను. అదే స్టెతస్కోప్‌కున్న రెండో గొట్టంతో వింటున్న టీచర్‌కు 114 బై 74 వచ్చింది. నాలుగు దాకా తేడా ఉన్నా పాస్ కాబట్టి పాస్ చేశారు. ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. నేను ఈ పనికి పనికిరానేమో చెప్పండి.
– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, నిద్ర పట్టడం లేదన్నారు చూడండి, ఆ మాట చదివాకే మీరు ఈ పనికి వస్తారని నాకు నమ్మకం కుదిరింది. మీరు చేసింది మాత్రం తప్పే. రేపు ఉదయం క్లాసు మొదలవకముందే టీచర్ దగ్గరికి వెళ్లి, ‘ఆ రోజు నాకు శబ్దం వినపడలేదు, ముల్లు చూసి చెప్పాను, మళ్లీ చెక్-ఆఫ్ పెట్టండి’ అని అడగండి. నా దగ్గరికి అలా వచ్చిన విద్యార్థులు ఉన్నారు. వాళ్లలో ఎవరి మీదా నాకు చిన్నచూపు కలగలేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఇదే పని నేనూ చేశాను, అదీ మనిషి ప్రాణం మీద. చదువు పూర్తయి కొత్తగా డ్యూటీలో చేరిన ఏడాది. కోస్తాలో ఒక ఆసుపత్రి, మెడికల్ వార్డు, రాత్రి డ్యూటీ. పడకలు నిండిపోయి కింద చాపల మీద కూడా పేషెంట్లు ఉన్నారు. జ్వరంతో వచ్చిన ఒక పెద్దాయనకు బీపీ చూడాలి. అప్పట్లో చెక్కపెట్టెలో ఉండే పాదరసం యంత్రాలే వాడేవాళ్లం. రెండుసార్లు గాలి కొట్టినా ఏమీ వినపడలేదు. మూడోసారి కొడితే పక్క మంచం వాళ్లు ఏమనుకుంటారోనని సిగ్గు. షీటు మీద 120/80 అని రాసేసి ముందుకు వెళ్లిపోయాను. గంట తర్వాత రౌండ్‌కు వచ్చిన సీనియర్ సిస్టర్ ఆయన చేతిని ముట్టుకుని చల్లగా ఉందని మళ్లీ బీపీ చూశారు. ఆవిడకూ శబ్దం అందలేదు. నాడి పట్టుకుని చూస్తే పై అంకె 80 కూడా లేదు. పరుగున డాక్టరును పిలిచారు, రెండు చేతులకూ సెలైన్లు పెట్టారు. ఆయన బతికారు. తెల్లవారాక సిస్టర్ నన్ను పక్కకు పిలిచి ఒక్కటే మాట అన్నారు: “వినపడకపోతే నన్ను పిలువు. నంబరు మాత్రం నీ ఇంట్లోంచి తెచ్చి రాయకు.” నాకు వినపడకపోవడానికి కారణం నా చెవులు కావు, ఆయన బీపీ అంతగా పడిపోవడమే. ‘వినపడలేదు’ అని నేను రాసి ఉంటే ఆ మాటే డాక్టరును గంట ముందు రప్పించేది.

ఇక మీ ఇబ్బంది సంగతి. పదేళ్లకు పైగా కొత్త చేతుల్ని చూస్తున్నాను. శబ్దం వినపడకపోవడానికి కారణాలు దాదాపు ఎప్పుడూ అవే ఉంటాయి. స్టెతస్కోప్ చెవిగొట్టాలు తిరగేసి పెట్టుకోవడం మొదటిది. అవి మీ ముక్కు వైపు వంగి ఉండాలి. చెవి రంధ్రం కాస్త ముందుకు వాలి ఉంటుంది కాబట్టి, తిరగేస్తే గొట్టం చెవి గోడకు ఆనుకుని శబ్దం మూసుకుపోతుంది. ఇక రెండువైపుల బిళ్ల ఉన్న స్టెతస్కోప్ అయితే, మీరు చర్మానికి ఆనించిన వైపు మూసుకుని ఉండొచ్చు. పెట్టుకోగానే బిళ్ల మీద వేలితో మెల్లగా తట్టి చూడండి. పెద్దగా వినపడితే ఆ వైపు తెరుచుకున్నట్టు. వినపడకపోతే బిళ్లను దాని కాడ మీద అరచుట్టు తిప్పండి.

అసలు కారణం ఎక్కువగా చోటులోనే ఉంటుంది. మోచేతి మడతలో సరిగ్గా మధ్యన బిళ్ల పెట్టేస్తారు. రక్తనాళం ఉండేది అక్కడ కాదు. చేయి చాపి, అరచేయి పైకి పెట్టించి, మడతలో గట్టిగా తగిలే నరం లాంటి కండర కొసను పట్టుకోండి. దానికి లోపలి వైపు, అంటే చిటికెన వేలి వైపు, రెండు వేళ్లతో కాస్త నొక్కి ఆగండి. నాడి కొట్టుకుంటున్నట్టు తెలుస్తుంది. బిళ్ల అక్కడ పెట్టాలి. నా విద్యార్థులు ఆ నాడిని వేళ్లతో పట్టుకున్నాకే స్టెతస్కోప్ ముట్టుకోవాలి. మొదటి వారం దీని మీద సణుగుతారు, మూడో వారానికి అదే అలవాటవుతుంది.

కఫ్ (చేతికి చుట్టే గాలిపట్టీ) కింది అంచు మోచేతి మడతకు రెండు మూడు సెంటీమీటర్లు పైన ఉండాలి. చొక్కా మీద, స్వెటర్ మీద చుట్టకూడదు. న్యూజెర్సీ చలికాలంలో పేషెంట్లు మూడు పొరలు వేసుకుని వస్తారు. చేతిని పైకి మడిచేస్తే ఆ మడతే తాడులా బిగుసుకుంటుంది. ‘ఈ చేయి బయటికి తీయండి’ అని అడగడానికి మొహమాటపడకండి. కఫ్ సైజు కూడా చూసుకోండి. లోపలి గాలిసంచి చేతి చుట్టుకొలతలో 80 శాతం చుట్టి రావాలి. లావు చేతికి చిన్న కఫ్ చుడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. దాంతో లేని జబ్బుకు మందు మొదలయ్యే ప్రమాదం ఉంది.

ఇప్పుడు ముల్లు సంగతి. శబ్దం మొదలైన దగ్గర పై అంకె, ఆగిపోయిన దగ్గర కింద అంకె. ముల్లు మాత్రం శబ్దం మొదలయ్యేదానికంటే పైనే ఊగడం మొదలుపెడుతుంది. మీకు 118 దగ్గర ఊగడం, టీచర్‌కు 114 దగ్గర వినపడడం అందుకే. ఆ రోజు తేడా నాలుగే వచ్చింది, మరో చేతికి ఇరవై రావచ్చు. శబ్దం ఎక్కడ మొదలవుతుందో ముందే అంచనా ఉంటే సగం టెన్షన్ పోతుంది. అందుకని ముందు స్టెతస్కోప్ లేకుండా, మణికట్టు దగ్గర నాడి పట్టుకుని గాలి కొట్టండి. నాడి ఎక్కడ మాయమైందో గుర్తు పెట్టుకోండి. ఉదాహరణకు 110 దగ్గర అనుకుందాం. గాలి పూర్తిగా వదిలి ఒక నిమిషం ఆగండి. ఈసారి స్టెతస్కోప్ పెట్టి 140 దాకా, అంటే ముప్పై ఎక్కువగా కొట్టి, సెకనుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున వదలండి. శబ్దం 110 చుట్టుపక్కల వస్తుందని చెవికి ముందే తెలుసు కాబట్టి అక్కడ కాచుకుని ఉంటుంది. కొత్తవాళ్లు వాల్వు ఒక్కసారిగా తిప్పేస్తారు. ముల్లు జర్రున కిందికి జారిపోతుంది, శబ్దం వచ్చిందో లేదో తెలిసేలోపే అయిపోతుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య ఆ మరను వెంట్రుకవాసి మాత్రమే తిప్పడం చేతికి రావాలి. టీవీ చూస్తూ, కఫ్‌ను మీ తొడకే చుట్టుకుని వంద సార్లు వదలండి. చెవితో పనిలేకుండా చేతికి అలవాటు చేసే పని ఇది.

డయల్ మీద గీతలు రెండేసి మిల్లీమీటర్లకు ఒకటి ఉంటాయి. అందువల్ల చేత్తో చూసిన బీపీలో సరి అంకెలే వస్తాయి. నా ల్యాబ్‌లో ఎవరైనా ‘117 బై 79’ అంటే నేనేమీ అనను. పక్కన కూర్చుని, నెమ్మదిగా ‘ఇంకోసారి ఇద్దరం కలిసి విందాం’ అంటాను.

మనం వినే ఈ శబ్దాలను 1905లో నికొలాయ్ కొరొట్కోవ్ అనే రష్యన్ సర్జన్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వివరించాడు. చేతికి చుట్టే కఫ్‌ను అంతకు ముందే, 1896లో, ఇటలీలో రీవా-రోచ్చి తయారుచేశాడు. అప్పటిదాకా నాడి పట్టుకుని పై అంకె ఒక్కటే తెలుసుకునేవాళ్లు. కింద అంకె మనకు దొరికింది కొరొట్కోవ్ చెవి వల్లే. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడు విద్యార్థులు స్టెతస్కోప్‌ను కొంచెం వేరుగా పట్టుకుంటారు. నాకది చూడడం ఇష్టం.

డయల్ ఉన్న బీపీ సెట్టు ఒకటి కొనుక్కోండి. మీ వారు, పిల్లలు, వేసవికి వచ్చే అత్తమామలు, శనివారం భోజనానికి వచ్చే స్నేహితులు, ఎవరు దొరికితే వాళ్ల చేయి పట్టుకోండి. ముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. వీపు కుర్చీకి ఆని ఉండాలి, పాదాలు నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వద్దు. చేయి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టించి, మాట్లాడొద్దని చెప్పండి. మన ఇళ్లలో ఈ ఆఖరిదే కష్టం. కాఫీ తాగి వస్తే అరగంట ఆగండి. ఒక నోటుపుస్తకం పెట్టుకుని వినపడిన అంకెలు ఒక వైపు, ‘వినపడలేదు’ అన్నవి మరో వైపు రాసుకోండి. శబ్దం మరీ సన్నగా ఉంటే వాళ్ల చేతిని అర నిమిషం తలపైకి ఎత్తి ఉంచి, అలాగే గాలి కొట్టి, కిందికి దించాక వినండి. తేడా మీకే తెలుస్తుంది. యాభై చేతులు దాటాక కూడా ఏమీ వినపడకపోతే చెవుల పరీక్ష చేయించుకోండి. శబ్దాన్ని పెద్దది చేసి వినిపించే ఎలక్ట్రానిక్ స్టెతస్కోపులు ఉన్నాయి. వాటితో ఏళ్ల తరబడి ఉద్యోగం చేసినవాళ్లు నాకు తెలుసు.

39 ఏళ్ల గురించి ఒక్క మాట. పిల్లలకు రాత్రిపూట జ్వరం వస్తే, థర్మామీటరు తీయకముందే మెడ మీద చేయి పెట్టి పోల్చుకోవడం మీకు ఏనాడో వచ్చు. పక్కన కూర్చున్న ఇరవై ఏళ్ల పిల్లలు అది ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నారు.

ప్రశ్న: అక్కా, రబ్బరు చేతి మీద రక్తం తీయడం బాగానే వచ్చింది. మొదటిసారి క్లాస్‌మేట్ చేతి మీద ప్రయత్నిస్తే నా చేతులు వణికిపోయాయి. రెండుసార్లు గుచ్చినా రాలేదు. ఆ అమ్మాయి చేయి నీలంగా కమిలిపోయింది. ఇప్పుడు నా ఎదుట చేయి చాపడానికి అందరూ వెనకాడుతున్నారు. రక్తం పట్టే రంగు మూతల ట్యూబుల వరస కూడా కలగాపులగం అయిపోతోంది. ఇంట్లో మా వారేమో ‘ఆ రక్తాలు, మూత్రాలు మనకెందుకు’ అంటున్నారు.
– ఒక సోదరి, ఇర్వింగ్, టెక్సాస్

జవాబు: వణుకు గాల్లో ఉన్న చేతికి వస్తుంది, తల్లీ. సూది పట్టుకున్న చేతి చిటికెన వేలి అంచును పేషెంటు చేతి మీద ఆనించండి. ముగ్గు వేసేటప్పుడు సన్నగీత దగ్గర చేయి ఎక్కడో ఒకచోట ఆనించుకుంటాం కదా, అలాగే. రెండో చేతి బొటనవేలితో, గుచ్చే చోటుకు ఒకటి రెండు అంగుళాల కింద చర్మాన్ని లాగి పట్టండి. అలా పట్టకపోతే సూది తగలగానే సిర పక్కకు దొర్లుతుంది. మీకు రెండుసార్లు రాకపోవడానికి బహుశా ఇదే కారణం.

రబ్బరు చేతి మీద సిర కంటికి కనిపిస్తుంది. మనుషుల చేతుల మీద, ముఖ్యంగా మన ఛాయలో ఉన్నవాళ్ల చేతుల మీద, చాలాసార్లు కనిపించదు. కళ్లు మూసుకుని వేలికొసతో వెతకండి. నీళ్లు నిండిన సన్న రబ్బరు గొట్టంలా, నొక్కితే దిగి మళ్లీ పైకి లేచేది సిర. గట్టిగా తాడులా ఉండి లేవనిది కండర కొస. కొట్టుకుంటూ ఉంటే అది ధమని, దాని జోలికి పోవద్దు. టార్నికెట్ (చేతికి బిగించే రబ్బరు పట్టీ) మూడు నాలుగు అంగుళాల పైన కట్టాలి, ఒక నిమిషానికి మించి ఉంచకూడదు. వెతకడంలోనే నిమిషం అయిపోతే విప్పేసి, కాస్త ఆగి, మళ్లీ కట్టండి. సూది వాలుగా ఉన్న ముఖం పైకి, 15 నుంచి 30 డిగ్రీల వాలులో వెళ్లాలి.

ఆ అమ్మాయి చేయి కమలడానికి కారణం, టార్నికెట్ విప్పకముందే సూది బయటికి తీసి ఉంటారు. ముందు టార్నికెట్ విప్పాలి, తర్వాత సూది తీయాలి, వెంటనే దూది పెట్టి నొక్కాలి. చేయి చాచే ఉంచాలి. మన ఊళ్లలో దూది పెట్టి ‘మడిచి పట్టుకో’ అంటారు. ఇక్కడ అలా నేర్పరు, మడిస్తే కమలడం ఎక్కువవుతుంది. రెండుసార్లు రాకపోతే మూడోసారి మీరు గుచ్చకండి. ‘నాకు దొరకడం లేదు, ఇంకొకరిని పిలుస్తాను’ అనండి. పేషెంటుకు ఆ మాట ఎంత ఊరటగా ఉంటుందో సూది గుచ్చించుకున్నవాళ్లకు తెలుసు.

ట్యూబుల వరసకు నా పాత విద్యార్థిని ఒకమ్మాయి కట్టిన వాక్యం చెబుతాను: ‘నీళ్లకని ఎల్లమ్మ ఆవుతో ఊరు బయల్దేరింది.’ నీలం, ఎరుపు, ఆకుపచ్చ, ఊదా, బూడిద. బంగారు రంగు మూత ఉన్నది ఎరుపుతో పాటు వస్తుంది. బ్లడ్ కల్చర్ (రక్తంలో సూక్ష్మక్రిములు ఉన్నాయేమో చూసే పరీక్ష) సీసాలుంటే అన్నిటికంటే ముందు అవే. కారణం కూడా తెలుసుకుంటే వరస మర్చిపోరు. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డ కట్టకుండా పొటాషియం కలిసిన మందు ఉంటుంది. దాని చుక్క తర్వాతి ట్యూబులోకి వెళ్తే ఆ మనిషి రక్తంలో పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా కనిపిస్తుంది. గుండెకు ప్రమాదమేమోనని అర్ధరాత్రి ఫోన్లు వెళ్తాయి. చాలలేదని ఒక ట్యూబులోంచి మరో ట్యూబులోకి పోయకూడదన్నది కూడా ఇందుకే.

లేబుల్ పేషెంటు ఎదుటే, రక్తం తీశాక, అక్కడి నుంచి కదలకముందే అంటించండి. ‘మీరు ఫలానానా?’ అని అడగొద్దు. మన పెద్దవాళ్లు మర్యాదకు దేనికైనా ‘ఊఁ’ అంటారు. ‘మీ పేరు చెప్పండి, పుట్టిన తేదీ చెప్పండి’ అనాలి. ఇక్కడే మనవాళ్లతో ఒక చిక్కు ఉంది. ఇంటిపేరు ముందా వెనకా అన్నది ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటుంది. పుట్టినరోజు కూడా అసలుది ఒకటి, బడిలో వేయించింది మరొకటి. ఒక పెద్దావిడ నాతో ‘నేను పుట్టింది కార్తీకమాసంలోనమ్మా, జూన్ అని మా మాస్టారు రాశారు’ అన్నారు. రికార్డులో ఏది ఉందో అదే పాస్‌పోర్టులోదా అని అడిగి సరిచూసుకోండి. తేడా ఉంటే రక్తం తీయకముందే పైవాళ్లకు చెప్పండి.

మీ వారి మాటకు నా జవాబు ఇది. ఆయనకు ఎప్పుడో ఒకనాడు రక్తపరీక్ష చేయిస్తారు. ఒక్క పోటుకే, నొప్పి తెలియకుండా, నవ్వుతూ తీసే మనిషి దొరకాలని అప్పుడు ఆయనే కోరుకుంటారు. అలాంటి మనిషి కావడానికి మీరు నేర్చుకుంటున్నారు. ఇది గౌరవమైన పని. ఈ సంగతిలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ప్రశ్న: మేడమ్, నేను ఇంటర్ ఒకేషనల్‌లో ఎం.పి.హెచ్.డబ్ల్యూ. (ఆరోగ్య కార్యకర్తల కోర్సు) చదువుతున్నాను. హాస్పిటల్ పోస్టింగ్‌లో ఇంజక్షన్ ఇచ్చాక సూదికి మూత పెట్టమన్నారు. పెడుతుంటే నిన్న నా వేలికి గుచ్చుకుంది. తిడతారని ఎవరికీ చెప్పలేదు. భయంగా ఉంది.
– ఒక విద్యార్థిని, హన్మకొండ

జవాబు: నీకు పంపిన జవాబే నీలాంటి మిగతా పిల్లల కోసం ఇక్కడా వేస్తున్నాం, అమ్మా. ఈ రోజే చెప్పు. తిట్టినా సరే, ముందు ఇన్‌చార్జి సిస్టర్‌కు, తర్వాత మీ మేడమ్‌కు చెప్పు. హెచ్.ఐ.వి. రాకుండా ఇచ్చే మందులు గుచ్చుకున్న 72 గంటల లోపు మొదలుపెట్టాలి. ఎంత ముందైతే అంత మంచిది, మొదటి రెండు గంటల్లో అయితే మరీ మంచిది. 28 రోజులు వాడాలి. ఆ మందు అవసరమా కాదా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. ఆ సూది ఏ పేషెంటుదో గుర్తుంటే చెప్పు. నీకు హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ పడ్డాయో లేదో కూడా చెప్పు. 72 గంటలు దాటిపోయినా సరే వెళ్లి పరీక్ష చేయించుకో.

గుచ్చుకోగానే వేలిని పారే నీళ్ల కింద సబ్బుతో కడగాలి. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, స్పిరిటు గానీ బ్లీచింగ్ గానీ పోయకూడదు.

వాడిన సూదికి మూత పెట్టకూడదు. ఎవరు పెట్టమన్నా పెట్టకూడదు. 2016 నాటి బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం సూదులు, బ్లేడులు గుచ్చినా చిరగని తెల్లడబ్బాలో వేయాలి. రక్తం అంటిన దూది పసుపు సంచిలో, గ్లవ్స్, సెలైన్ గొట్టాలు ఎరుపు సంచిలో. ఇంజక్షన్ ట్రేతో పాటు ఆ తెల్లడబ్బాను కూడా మంచం దగ్గరికి తీసుకెళ్లు. డబ్బా గది చివర ఉంటేనే సూది చేత్తో పట్టుకుని నడవాల్సి వస్తుంది, అప్పుడే మూత పెట్టాలనిపిస్తుంది. నిన్ను మూత పెట్టమన్నవాళ్లు కూడా ఎప్పుడో అలాగే నేర్చుకుని ఉంటారు. తప్పు నీది అనుకోకు. దాచడం మాత్రం వద్దు.

ప్రశ్న: నేను కాలిఫోర్నియాలో, కోర్సులో భాగంగా క్లినిక్‌లో పని నేర్చుకునే ఎక్స్‌టర్న్‌షిప్ చేస్తున్నాను. మా క్లినిక్‌కు తెలుగు పెద్దవాళ్లు చాలామంది వస్తారు. నేను తెలుగు మాట్లాడతానని తెలియగానే ‘ఈ షుగరు మాత్ర మానేయనా అమ్మా? ఈ కాలివాపు ఏమంటావ్?’ అని అడుగుతున్నారు. ఏమీ చెప్పకపోతే చిన్నబుచ్చుకుంటున్నారు.
– ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్

జవాబు: వాళ్లు అడగడంలో తప్పు లేదు. పరాయి దేశంలో సొంత భాష వినపడితే ప్రాణం లేచివస్తుంది. మీరు చేయాల్సింది ఆ ప్రశ్నను మోసుకెళ్లి డాక్టరుకు అప్పగించడం. ‘పెద్దమ్మా, మీరు అడిగింది రాసుకున్నాను, డాక్టరు గారు రాగానే నేనే గుర్తు చేస్తాను’ అనండి, అన్నట్టే చేయండి. మాత్ర మానాలో వద్దో చెప్పే అధికారం మెడికల్ అసిస్టెంటుకు లేదు. మీరు చెప్పగలిగే స్థితిలో ఉన్నా చెప్పకూడదు. మెడికల్ అసిస్టెంటు ఏం చేయొచ్చో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో చట్టం ఉంటుంది. మీ రాష్ట్రంలో రక్తం తీయాలంటే పది గంటల శిక్షణ, సిరల నుంచి పది సార్లు, వేలికొస నుంచి పది సార్లు సరిగా తీసి చూపించడం ఉండాలి. సెలైన్ పెట్టడానికి సిరలో సూది ఎక్కించడం అక్కడ మెడికల్ అసిస్టెంటు చేయకూడదు. ‘నీకు వచ్చు కదా, పెట్టేయ్’ అని ఎవరైనా అంటే ఇది గుర్తుంచుకోండి.

మీరు అడగని ఒక మాట కూడా చెబుతాను. 1996 నాటి హిపా చట్టం కింద పేషెంట్ల సంగతులు బయటపెట్టకూడదు. మనవాళ్ల విషయంలో అది ఇంకా గట్టిగా పాటించాలి. వారాంతంలో గుడిలో, ఉగాది సంబరాల్లో వాళ్లే ఎదురవుతారు. ‘ఆంటీ, ఇప్పుడు ఎలా ఉంది?’ అని మీరు ప్రేమగానే అడుగుతారు. పక్కన ఆవిడ వియ్యపురాలు ఉంటుంది. ఆవిడ క్లినిక్‌కు వచ్చిందన్న సంగతి కూడా మీ నోట రాకూడదు. వాళ్లే పలకరించేదాకా నమస్కారంతో ఆగండి.

ప్రశ్న: శ్వాస లెక్కపెట్టడానికి ఛాతీ వైపు చూస్తుంటే పేషెంట్లు ఇబ్బంది పడుతున్నారు. చెబితే ఊపిరి మార్చేస్తున్నారు. ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, ఎడ్మండ్, ఓక్లహోమా

జవాబు: చెప్పకండి. శ్వాస ఒక్కటే పేషెంటుకు చెప్పకుండా చూసేది. మణికట్టు దగ్గర నాడి లెక్కపెట్టడం అయిపోయాక వేళ్లు తీయకుండా అలాగే ఉంచండి. ఇంకా నాడే చూస్తున్నారని అనుకుంటారు. వేళ్లంటే చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు. బొటనవేలు పెడితే మీ నాడే మీకు తగులుతుంది. పట్టుకున్న ఆ చేతిని మెల్లగా వాళ్ల పొట్ట మీదికి చేర్చితే, పైట ఉన్నా, కోటు ఉన్నా, చేయి లేచి దిగడం తెలుస్తుంది. లేచి దిగితే ఒకటి. పెద్దవాళ్లలో నిమిషానికి 12 నుంచి 20 మధ్య ఉంటుంది. లయ సరిగా ఉంటే అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చేయొచ్చు. నేర్చుకునే రోజుల్లో మాత్రం నిమిషమంతా చూడండి. సెకన్ల ముల్లు ఉన్న వాచీ పెట్టుకోండి, ఫోన్ బయటికి తీయకండి. మధ్యలో ఆవిడ మాట్లాడడం మొదలుపెడితే విని, జవాబు చెప్పి, మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టండి.